బండి టైముకే వచ్చిందాండీ

బుధవారం పొద్దున్న ఏడూ నలభైకి మా చెల్లెలు తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మండువా అమ్మగారు పోయారు" అంది.

"ఎన్నింటికి?" అన్నాను.



"మనిషి పోయారంటే ఎన్నింటికి అంటావేంటక్కా? తెల్లారగట్ట. కాఫీ కలుపుకుంటూ అలా కూర్చుండిపోయారంట. ఎవరూ గడియారం చూడలేదు."

తెల్లారగట్ట అంటే నాలుగు కావచ్చు, ఆరు కావచ్చు. రెండు గంటల్లో లగ్నమే మారిపోతుంది. పోయినావిడకు ఇప్పుడు లగ్నంతో పనేముందని మీరనవచ్చు. నిజమే. అయినా డైరీ తీసి 'సరైన సమయం తెలియదు' అని రాసుకున్నాను. రాశాక వెనక్కి తిప్పి చూస్తే, ఆవిడ గురించి నేను మొట్టమొదట రాసుకున్న మాట కూడా దాదాపు అదే. 'పుట్టిన సమయం తెలియదు, తేదీ కూడా తెలియదు. అయినా నవ్వుతూనే ఉంది.'

ఆవిడ పేరు ఇక్కడ రాయను. గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే కుటుంబానికి పెద్ద కోడలు. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. ఇది నా అంచనాయే, ఎందుకంటే ఆవిడకు తన వయసు తెలియదు. "గొడౌన్ గోడ పడిపోయిందంటండీ, ఆ వానకి పుట్టేనంట" అనేది. ఏ సంవత్సరం వాన అని అడిగితే, "పెద్ద వానేనండీ" అనేది.

నేను ముప్పై నాలుగేళ్ళు ఏలూరులో లెక్కల టీచరుగా పనిచేశాను. జాతకం గణించడం మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. అడిగినవారికి లెక్క కట్టి, రెండుసార్లు సరిచూసి, స్కేలుతో పన్నెండు గళ్ళు గీసి, గ్రహాలను రాసి, ఫలితం కింద రాసి ఇస్తాను. వాళ్ళు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నా మెట్లు నవ్వుతూ దిగలేదు. ఆ సంగతి ఆవిడ మెట్లు చూసేదాకా నాకు తట్టలేదు.

మా చెల్లెలు నాకంటే ఐదేళ్ళు చిన్నది. మా అమ్మానాన్నలకు మేమిద్దరమే. దాని భర్త పోయాక ప్రతి గురువారం పొద్దుటి బండికి ఏలూరు వచ్చి, నా దగ్గర భోంచేసి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళేది. నాకు వారానికి ఉన్నది ఆ ఒక్క రోజే. ఒక గురువారం అది రాలేదు. మరో గురువారం కూడా రాకపోతే ఫోన్ చేశాను.

"మేడ మీద మండువా అమ్మగారి దగ్గర కూర్చుంటన్నామక్కా. గురువారం గురువారం. జాతకాలు చెప్తారు."

"నేనుండగా నీకు ఇంకొకళ్ళ దగ్గర జాతకమా?"

"నీ దాంట్లా కాదక్కా. అక్కడ నవ్వొస్తుంది."

ఆ మాట నేను డైరీలో రాసుకోలేదు. రాసుకోకుండానే గుర్తుంది.

మూడో గురువారం నేనే బండెక్కాను. తప్పులు పట్టాలనే వెళ్ళాను.

కింద ఉల్లిపాయల గొడౌన్, పైన పొడుగాటి హాలు. మెట్లెక్కుతుంటేనే ఉల్లిపాయల ఘాటుకు కళ్ళు మండాయి. హాల్లో ఎర్ర గచ్చు మీద ఆవిడ బియ్యప్పిండితో రాశి చక్రం వేస్తోంది. చుట్టూ పన్నెండు గళ్ళు, మధ్యలో పెద్ద ఖాళీ. స్కేలు లేదు, దారం లేదు. పిండి వదులుకుంటూ వెళ్ళింది, గీత తిన్నగా వచ్చింది. నేను స్కేలు పెట్టి గీసిన గీత అంత తిన్నగా ఉండదు. కళ్ళజోడు జారితే, వేళ్ళకు పిండి ఉంది కనుక, మణికట్టుతో పైకి తోసుకుంది. పని ముగిశాక గచ్చు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. అది ఆవిడ అలవాటు. తలుపు తట్టినట్టుండేది.

"మండువా లోగిలి చూసేరు కదండీ?" అంది, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం. మా జిల్లాలో పాత ఇళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చుట్టూ గదులు, నడుమ ఆకాశం కనబడే ఖాళీ జాగా. వాన పడితే అక్కడే పడుతుంది, వెన్నెల కూడా అక్కడికే దిగుతుంది. "ఇదీ అదేనండీ. చుట్టూ పన్నెండు గదులు. మధ్యన ఈ మండువాలో మీరు కూర్చోవాలి. పంతుళ్ళందరూ గదులే చూసేరు, ఇక్కడ మనిషిని కూర్చోబెట్టడం మర్చిపోయేరు."

ఆ మధ్య భాగంలో మా నాన్నగారు 'రాశి' అని రాసేవారు. నేనూ అదే రాస్తాను. అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు.

గ్రహాలకు ఆవిడ ఒక డబ్బాలో వస్తువులు పెట్టుకుంది. రవికి ఉల్లిపాయ, చంద్రుడికి గవ్వ, కుజుడికి ఎండుమిరపకాయ, బుధుడికి ఏలక్కాయ, గురువుకి బెల్లంముక్క, శుక్రుడికి ఎర్ర గాజుముక్క, శనికి పాత తాళంకప్ప, రాహుకేతువులకు రెండు చింతగింజలు. వాటిని పంచాంగం చూసి పెట్టదు. మధ్యలో కూర్చున్న మనిషి చేతికే ఇచ్చి, "ఏ గదిలో పెట్టుకుంటారు?" అంటుంది. ఆ రోజు ఒకావిడ రాహుకేతువులనిద్దరినీ ఒకే గదిలో పెట్టింది. వాళ్ళు ఎప్పుడూ ఎదురెదురుగా ఉండాలి. ఇంకొకావిడ రవిని తూర్పు గదిలోనూ బుధుణ్ణి ఆరు గదుల అవతలా పెట్టింది. నేనిక ఆగలేకపోయాను.

"ఏవండీ, బుధుడు రవిని వదిలి అంత దూరం వెళ్ళడు."

"ఎందుకండీ టీచరుగారూ?"

"వెళ్ళలేడు. ఆకాశంలోనే కుదరదు. ఒక గది దాటి పోడు."

"అయ్యో, ఎప్పుడూ పక్కనే ఉండాలా? ఒక్కసారి వెళ్ళనివ్వండి పాపం, సాయంత్రానికి వచ్చేస్తాడు."

హాలంతా నవ్వింది. మా చెల్లెలు అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ రోజు నేను రాసుకున్న తప్పులు నాలుగు. చెల్లెలి నవ్వును రాసుకోలేదు.

తరువాత మా చెల్లెలు వెళ్ళి మధ్యలో కూర్చుంది. ఎవరూ అడగకుండానే తాళంకప్ప తీసి తన ఏడో గదిలో పెట్టేసింది. ఏడోది దాంపత్యం గది. ఆవిడ కాసేపు చూసి అడిగింది.

"దీన్ని ఇక్కడ ఎవరు పెట్టేరండీ?"

"మా అక్కండీ" అంది చెల్లెలు.

అందరూ నా వైపు తిరిగారు. నేను పెట్టలేదు. దాని పెళ్ళికి ముందే లెక్క కట్టి, సప్తమంలో శని ఉన్నాడని చెప్పాను. ఉన్నాడు. ఇప్పుడు కట్టినా అక్కడే ఉంటాడు. అయితే ఆ ఒక్క మాట అది నలభై ఏళ్ళు మోసిందని, భర్తకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ గదినే తలుచుకుందని ఆ హాల్లో పదిమంది మధ్య చెబితే విన్నాను. నాకు విడిగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ తాళంకప్ప తీసి దాని అరచేతిలో పెట్టింది. "గ్రహాలకి మన మీద పగబట్టేంత తీరిక ఉండదండీ. శని అంటే నెమ్మదిగా నడిచే పెద్దాయన. ఏ గదిలో కూర్చోబెడితే మీకు తోడుగా ఉంటాడో చూసుకోండి."

చెల్లెలు చాలాసేపు ఆలోచించింది. అది ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. తాళంకప్పను పదో గదిలో పెట్టింది. "పనిలో పెడతానండీ. ఏం జరిగినా డ్యూటీకెళ్తే నిలబడేదాన్ని. నన్ను కాపాడింది అదే" అంది. అని నవ్వింది. దాని పదహారో ఏట తరువాత ఆ నవ్వు నేను వినలేదు. నలభై ఏళ్ళు నా దగ్గర కూర్చున్న మనిషి చేత ఆవిడ మూడు వారాల్లో, ఒక తుప్పు పట్టిన తాళంకప్పతో ఆ నవ్వు తెప్పించింది. ఆ రోజు నుంచి నాకు ఆవిడంటే గిట్టలేదు. దాచుకోను.

గిట్టకపోయినా వెళ్ళాను. మొత్తం పదకొండు గురువారాలు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. మధ్యలోకి రమ్మంటే వెళ్ళేదాన్ని కాదు.

కైకలూరు నుంచి ఒక చేపల చెరువుల ఆసామి వచ్చేవాడు. భారీ మనిషి. మొదటిరోజు, "ఈసారి చేపల పట్టుబడి ఎలా ఉంటదండీ?" అని అడిగాడు.

"జరగబోయేది నాకసలు తెలీదండీ" అంది ఆవిడ. "మీరెలాంటోరో వెతకమంటే ఇద్దరం కలిసి వెతుకుదాం." అని ఎర్ర గాజుముక్క చేతికిచ్చింది. "ఇది మీ సంతోషం. ఎక్కడుంటది?"

అతను పన్నెండు గదులూ చూసి చూసి చివరి దాంట్లో పెట్టాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "టీచరుగారూ, పన్నెండోది ఏం గదండీ?"

"వ్యయస్థానం. నష్టం" అన్నాను. కాస్త తృప్తిగానే అన్నానేమో.

అతను బిత్తరపోతాడనుకున్నాను. పడీ పడీ నవ్వాడు. "ఆయ్, సరిగ్గానే పెట్టేనండీ! గూడబాతులండీ. కొల్లేరులోంచొచ్చి నా చెరువు మీద వాల్తాయి. పొద్దున్నే తోలడానికని గట్టు మీదకెళ్తాను. తోలను. అవి సంచిలాంటి మూతితో నా చేపల్నే తోడుకుంటంటే చూస్తా నిలబడిపోతాను. మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదండీ!"

"ఇప్పుడు చెప్పండి మరి" అంది ఆవిడ, పిండి చేతులతోనే చప్పట్లు కొట్టి. తరువాత అతను చిన్న చెరువొకటి పైన వల కట్టకుండా వదిలేశాడని విన్నాను. నేనైతే 'ద్వాదశంలో శుక్రుడు' అని రాసి, కింద గీత గీసి, కాగితం మడిచి ఇచ్చేదాన్ని. అతను గట్టు మీద నిలబడటం కూడా మానుకునేవాడు.

ఒకసారి ఇంట్లో నేనూ ప్రయత్నించాను. తలుపు గడియ వేసి, గచ్చు మీద పిండితో గీత లాగాను. మూడో గడి దగ్గర వంకర పోయింది. తొమ్మిది వస్తువులూ వెతికి తెచ్చి, నా జాతకంలో ఉన్నట్టు పెట్టాను. ఉల్లిపాయ ఉల్లిపాయలాగే ఉంది. తాళంకప్ప తాళంకప్పలాగే ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను.

పదకొండో గురువారం మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని లేవదీసింది. "ఒక్కసారి కూర్చో అక్కా, నా కోసం."

"సమయం లేకుండా నేను కూర్చోను" అన్నాను.

"పోనీ చెప్పండి సమయం" అంది ఆవిడ.

చెప్పాను. మాఘమాసం, భీమడోలు, సాయంత్రం ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు. కర్కాటక లగ్నం. కర్కాటకం ముగియడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "నిమిషాలతో సహానా! అప్పట్లో మీ ఇంట్లో గడియారం ఉండేదాండీ?"

"గడియారం దేనికి? మా ఇల్లు రైలు కట్ట పక్కనే. సాయంత్రం పాసింజరు కూత వేస్తూ స్టేషన్లోకి వస్తుంటే పుట్టాను. ఆ బండి టైము ఆరూ పద్దెనిమిది. మా నాన్నగారు రాసిపెట్టారు."

మా ఊళ్ళో అందరి పుట్టుకలూ అలాగే రాసేవారు. మెయిలు వెళ్ళాక, గూడ్సు రాకముందు, పాసింజరు కూతకి. నాన్నగారు టైమ్‌టేబుల్ చూసి రాశారు. నేను ఆ అంకె మీద డెబ్భై మూడేళ్ళు బతికాను.

ఆవిడ మణికట్టుతో కళ్ళజోడు పైకి తోసుకుంది. వేళాకోళం ఏమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"ఆ రోజు బండి టైముకే వచ్చిందాండీ?"

ముందు చెరువుల ఆసామి నవ్వాడు. తరువాత హాలంతా. మా చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు ఊగిపోతున్నాయి. ఎవరిదీ తప్పు కాదు. ఆ లైన్లో పాసింజరు ఎన్నిరోజులు టైముకొస్తుందో అందరికీ తెలుసు. ఏడు నిమిషాలు ఆలస్యమైతే చాలు, నాది సింహ లగ్నం. గదులన్నీ ఒక్కొక్కటి పక్కకు జరుగుతాయి. నేను గర్వపడిన యోగాలు ఉండవు, ఓర్చుకున్న దోషాలు ఉండవు. ఊళ్ళోవాళ్ళ లెక్కలన్నీ రెండుసార్లు సరిచూసే నేను ఈ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. పుట్టినరోజే తెలియని మనిషి వేసింది.

నేను మెట్లు దిగిపోయాను. తిరుగు ప్రయాణంలో బండి భీమడోలులో ఆగిపోయింది. ఎదురు బండి కోసమట. మా పాత ఇల్లు ఉన్నచోట ఇప్పుడు సిమెంటు కొట్టు. కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇరవై మూడు నిమిషాలు.

మళ్ళీ గూడెం వెళ్ళలేదు. ఆ రోజు నుంచి ఆవిడ పోయిన బుధవారం దాకా నూట నలభై రెండు గురువారాలు. వాటిలో మా చెల్లెలు నా దగ్గరకు వచ్చినవి ఇరవై తొమ్మిది. మిగతా నూట పదమూడు ఆవిడవి. ఇరవై తొమ్మిదయినా నావి అనుకునేదాన్ని.

పెద్దకర్మ నాడు వెళ్ళాను. వెళ్ళొద్దనుకుని కూడా వెళ్ళాను. భోజనాలయ్యాక ఆవిడ కోడలు అత్తగారు రాసుకున్న పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చి, "టీచరుగారూ, మీ పేజీ కూడా ఉందండీ" అని తెరిచింది. ఒక్కొక్కరికి ఒక పేజీ. ప్రతి చక్రం మధ్యలోనూ ఆ మనిషి పేరు. మా చెల్లెలి పేజీలో తాళంకప్ప పదో గదిలో ఉంది. నా పేజీలో రెండు చక్రాలు. ఒకదాని పైన 'బండి టైముకొస్తే', రెండోదాని పైన 'లేటయితే'. మిగతా పేజీలన్నిటిలో బుధుడు ఇష్టమొచ్చినట్టు తిరిగాడు. నా రెండు చక్రాల్లోనూ రవి పక్కనే బుద్ధిగా కూర్చున్నాడు. మధ్య జాగా మాత్రం రెండింటిలోనూ ఖాళీ. నేను కూర్చోలేదు కదా.

చెల్లెలి ఇంటికి నడుస్తూ అన్నాను. "నువ్వు చెప్పావా ఆవిడకు నా గ్రహాలు?"

"ఆవిడే అడిగి రాయించుకున్నారక్కా. అస్తమానూ నిన్ను అడిగేవారు. 'టీచరుగారిని చూసి ఎన్నాళ్ళయ్యింది? ఈ వారం ఇక్కడికి రాకండి, ఏలూరు వెళ్ళండి' అని తరిమేవారు."

నేను ఆగిపోయాను. "ఎన్నిసార్లు?"

చెల్లెలు అబద్ధం చెప్పదు. చెప్పి ఉంటే బాగుండేది. "ఎన్నిసార్లు వచ్చానో అన్నిసార్లూ."

ఆ ఇరవై తొమ్మిదీ ఆవిడ పంపినవే. నూట నలభై రెండు గురువారాలూ ఆవిడవే. లెక్క మళ్ళీ కట్టనవసరం లేదు.

"నీ అంతట నీకు రావాలనిపించలేదా?"

"నువ్వు నన్ను చూడగానే ఏమడుగుతావక్కా? బండి ఎంత లేటు, ఎన్నింటికి బయల్దేరావు, పోయిన వారం ఎందుకు రాలేదు. తిన్నావా అని ఆ తర్వాత అడుగుతావు. ఆవిడ ముందు మంచినీళ్ళిచ్చేవారు."

పోయినావిడ మీద అసూయ పడకూడదంటారు. ఆ సాయంత్రం ఏలూరు దాకా బండిలో నేను పడ్డ అసూయ, ఆవిడ బతికుండగా కూడా పడలేదు.

తరువాతి గురువారం వచ్చింది. ఇప్పుడు పంపేవాళ్ళు ఎవరూ లేరు. నేను ఫోన్ చేయలేదు. నాకు వృథా అంటే పడదు, అయినా ఇద్దరికి సరిపడా బియ్యం పోశాను. పొద్దుటి బండి ఏలూరులో ఆగే వేళ నాకు తెలుసు. స్టేషన్ నుంచి మా వీధికి ఆటోలో పన్నెండు నిమిషాలు. ఆ వేళ దాటింది. అన్నం వార్చాను. ఇంకా దాటింది. కంచాలు రెండూ తీసి, ఒకటి లోపల పెట్టేశాను.

అప్పుడు గేటు చప్పుడైంది.

సంచీలో ఉల్లిపాయలతో మా చెల్లెలు. ముఖమంతా చెమట. నేను గడియారం వైపు చూశాను. చూడకుండా ఉండటం నా వల్ల కాదు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"తిన్నావా?" అన్నాను.

అది గ్లాసు పట్టుకుని నా వైపు వింతగా చూసింది. "బండి సంగతి అడగవేంటక్కా?"

"అడగను."

నవ్వింది. ఆ మేడ మీద విన్న నవ్వే. ఆవిడ తెప్పించిన నవ్వని నాకు తెలుసు. అయినా ఈసారి అది మా ఇంట్లో నవ్వింది.

బండి ఎన్ని నిమిషాలు లేటో కూడా నాకు తెలుసు. ఆనాటి డైరీలో అది లేదు. ఇక్కడా రాయను.